ఎండకు, వానకు ఓర్చే అక్రిలిక్

పెరటిలో నూతి ప్రక్కన రెండు మూడు వేసవులు గడిపిన ప్లాస్టిక్ బకెట్టును పరిశీలించి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. కొన్ననాడు నిగనిగలాడిన రంగు వెలిసిపోయి ఉంటుంది. చేత్తో రాస్తే సున్నంవంటి పొడి అంటుకుంటుంది. ఒకనాడు నిండు బకెట్టును ఎత్తబోతే అంచు పుటుక్కున విరుగుతుంది. అదే ఇంటి ముందు నిలిచిన మోటారు కారు వెనుక భాగంలో ఎర్రదీపం మీది మూత పది పన్నెండేండ్లు ఎండలో కాగి, వానలో తడిసి కూడా ఎర్రగానే, పారదర్శకంగానే ఉంటుంది. రెండూ ప్లాస్టిక్కులే. ఒకటి మూడేండ్లకే ముసలిదైపోయింది. రెండవది యౌవనం నిలుపుకొన్నది. ఈ భేదానికి కారణమేమి?

కారు వెనుక దీపాల మూతలకు సాధారణంగా వాడే పదార్థం అక్రిలిక్. రసాయనశాస్త్రంలో దీని పూర్తి పేరు పాలీ మిథైల్ మిథాక్రిలేట్. ప్లెక్సిగ్లాస్, పెర్‌స్పెక్స్, లూసైట్ అన్నవి ఒకే పదార్థానికి వేర్వేరు సంస్థలు పెట్టుకొన్న పేర్లు. దుకాణాల పేరు పలకలు, విమానాల కిటికీలు, చేపల ప్రదర్శనశాలల గోడలు, కృత్రిమ దంతాల చిగుళ్లు మొదలైనవన్నీ దీనితో తయారవుతున్నాయి. ఆరుబయట దీర్ఘకాలం నిలిచే ప్లాస్టిక్కులలో ఇది అగ్రగణ్యం. అయితే ఈ ఓర్పు అంతా పుట్టుకతో వచ్చినది కాదు. కొంత స్వభావసిద్ధం, కొంత మానవుడు శ్రమించి సంపాదించి పెట్టినది.

ఎండ చేసే పని

ప్లాస్టిక్కు అంటే గొలుసు. ఒకే రకమైన చిన్న అణువులు వేల సంఖ్యలో చేయి చేయి కలిపి నిలిచినప్పుడు బృహదణువు ఏర్పడుతుంది. దానినే పాలిమర్ అంటారు. లంకె వంటి ఆ చిన్న అణువు మోనోమర్. గొలుసులు పొడవుగా ఉండి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నంతకాలం ప్లాస్టిక్కుకు బలం ఉంటుంది. గొలుసులు మధ్యలో తెగితే బలం పోతుంది. బకెట్టు విరగడానికి అసలు కారణం ఇదే.

గొలుసును తెంపే కత్తెర సూర్యకాంతి. కాంతి చిన్న చిన్న శక్తి మూటలుగా ప్రయాణం చేస్తుంది. ఈ మూటలకు ఫోటాన్లు అని పేరు. తరంగదైర్ఘ్యం తగ్గిన కొద్దీ మూటలోని శక్తి పెరుగుతుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో ఒక మోల్ ఫోటాన్లకు సుమారు 217 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. 300 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో అది సుమారు 399 కిలోజౌళ్లు. రెండు కార్బన్ పరమాణువుల మధ్య సాధారణ బంధాన్ని తెంపడానికి కావలసినది దాదాపు 347 కిలోజౌళ్లు. కనుక కంటికి కనిపించే కాంతికి చేతకాని పని అతినీలలోహిత కిరణాలకు సాధ్యమవుతుంది.

వాతావరణంలోని ఓజోన్ పొర కరుణవల్ల సుమారు 295 నానోమీటర్ల కంటె పొట్టి కిరణాలు నేలను చేరలేవు. చేరినవి కూడా ప్లాస్టిక్కులో ఇంకితేనే హాని చేస్తాయి. ఇంకకుండా దాటిపోయిన కాంతి ఏ మార్పూ తేజాలదు. కాంతిరసాయనశాస్త్రంలో ఇది మొదటి సూత్రం. వానచినుకు తామరాకు మీద నిలవక జారిపోయినట్లు, తనను పీల్చుకొనని పదార్థాన్ని కాంతి అంటదు.

ఒకసారి ఎక్కడో ఒక బంధం తెగిందంటే కథ అంతటితో ముగియదు. తెగిన చివర ఒంటరి ఎలక్ట్రానుతో మిగులుతుంది. ఇట్టి ముక్కను స్వేచ్ఛా ప్రాతిపదిక అంటారు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని, ప్రక్క గొలుసు నుండి ఒక హైడ్రోజన్‌ను లాగి, అక్కడ మరొక ప్రాతిపదికను పుట్టిస్తుంది. ఊరిలో ఒక పాకకు అంటిన నిప్పు వరుసగా పాకలన్నిటికీ అంటుకొన్నట్లు ఈ చర్య సాగిపోతుంది. పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్కులలో మూడు కార్బన్‌లకు అంటిపెట్టుకొన్న కార్బన్ మీద ఉండే హైడ్రోజన్ బహు సులభంగా ఊడివస్తుంది. పాలీస్టైరీన్‌లో ఇదే బలహీనతతోబాటు బెంజీన్ వలయం కూడా ఉన్నది. ఇట్టి వలయాలున్న ప్లాస్టిక్కులు ఎండలో పసుపుబారడం అందరికీ తెలిసిన సంగతే.

అక్రిలిక్ స్వభావసిద్ధమైన ఓర్పు

ఇప్పుడు మిథైల్ మిథాక్రిలేట్ గొలుసును చూద్దాం. ఇందులో ప్రతి రెండవ కార్బన్ మీద ఒక మిథైల్ సమూహమూ, ఒక ఎస్టర్ సమూహమూ ఉంటాయి. ఆ కార్బన్ నాలుగు చేతులూ ఇతర కార్బన్‌లతో నిండి ఉండటం వల్ల, దొంగిలించడానికి వీలైన హైడ్రోజన్ దాని మీద ఉండనే ఉండదు. బెంజీన్ వలయాలూ లేవు, గొలుసులో జంట బంధాలూ లేవు. ఎస్టర్ సమూహం పీల్చుకొనే కాంతి చాలా పొట్టిది. నేలను చేరే సూర్యకాంతిలో దానికి ఆహారం బహు స్వల్పం. అందుచేత శుద్ధమైన అక్రిలిక్ గుండా ఎండ దాదాపు ఏమీ చేయకుండానే దాటిపోతుంది.

పారదర్శకత కూడా ఇక్కడినుండే వస్తుంది. అక్రిలిక్ మీద పడిన వెలుగులో నూటికి 92 వంతులు ఆవలికి వెళుతుంది. తక్కిన 8 వంతులు ఏమైనట్లు? దీని వక్రీభవన గుణకం 1.49. ఈ గుణకం గల పదార్థపు ఒక్కొక్క తలం నుండి సుమారు 4 వంతుల కాంతి ప్రతిఫలించక తప్పదు. రెండు తలాలకు కలిపి దాదాపు 8 వంతులు. అనగా లోపలికి ప్రవేశించిన కాంతి దాదాపు అంతా నష్టం లేకుండా బయటపడుతున్నదన్న మాట. బరువులో ఇది గాజుకు సగం కంటె తక్కువే. గాజు సాంద్రత 2.5 కాగా దీని సాంద్రత 1.19 మాత్రమే.

పుట్టు పూర్వోత్తరాలు

1901లో ఆటో రోమ్ అనే జర్మన్ విద్యార్థి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టం కొరకు అక్రిలిక్ ఆమ్లపు పాలిమర్ల మీద సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఆ జిగురు పదార్థాలవల్ల లాభమేమిటో అప్పట్లో ఎవరికీ తోచలేదు. 1907లో ఆయన ఆటో హాస్‌తో కలిసి ఒక సంస్థ స్థాపించాడు. దాని తొలి సరకు ప్లాస్టిక్కు కాదు, తోళ్లు మెత్తబరచే ఎంజైముల మందు. ఆ ఆదాయంతోనే అక్రిలిక్ పరిశోధన సాగింది. 1933 నాటికి ఆ సంస్థ ప్లెక్సిగ్లాస్ పేరును నమోదు చేసింది.

ఇంగ్లండులో ఐ.సి.ఐ. సంస్థకు చెందిన రోలండ్ హిల్, జాన్ క్రాఫర్డ్ అనే రసాయనజ్ఞులు అదే కాలంలో ఈ పదార్థం మీద పనిచేశారు. మోనోమర్‌ను చౌకగా తయారుచేసే మార్గం క్రాఫర్డ్ కనుగొన్నాడు. ఎసిటోన్‌ను హైడ్రోజన్ సయనైడ్‌తో కలిపి, వచ్చిన పదార్థాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతోనూ, తరువాత మిథనాల్‌తోనూ చర్య జరిపించడం ఈ పద్ధతి. 1934లో పెర్‌స్పెక్స్ పేరు వెలువడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుల తలపై అమర్చే గాజు బుడగవంటి కప్పులు దీనితోనే చేశారు.

ఆ కప్పుల వల్ల వైద్యశాస్త్రానికి అనుకోని మేలు జరిగింది. గుండు దెబ్బలకు కప్పు పగిలి పెర్‌స్పెక్స్ ముక్కలు కొందరు చోదకుల కళ్లలో గుచ్చుకొన్నాయి. వాటివల్ల కంటికి ఎట్టి వికారమూ కలగకపోవడం లండన్ నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న ఆయన శుక్లం తీసిన కంటిలో అక్రిలిక్ కటకం అమర్చాడు. ఎండకు మారనిది, కన్నీటికి కరగనిది కనుకనే ఈ పదార్థం కంటిలో నిలువగలిగింది. నేడు శుక్లాల శస్త్రచికిత్సలో కటకం అమర్చడమన్నది ఆనాటి ఆ పరిశీలన ఫలమే.

పలక పోయడంలోని మెలకువలు

స్వభావం ఎంత మంచిదైనా పెంపకంలో లోపం ఉంటే ఫలం చెడుతుంది. అక్రిలిక్ మన్నిక పోతపోసే విధానం మీద చాలావరకు ఆధారపడి ఉన్నది.

మోనోమర్ నీటివలె పలుచని ద్రవం. రెండు నున్నని గాజు పలకల మధ్య చుట్టూ మెత్తని పట్టీ పెట్టి, ఆ సందులో ఈ ద్రవాన్ని పోస్తారు. ప్రారంభకం అనే పదార్థం కొద్దిగా కలిపి వెచ్చచేస్తే గొలుసులు పెరగడం మొదలవుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది సంకోచం. ద్రవం సాంద్రత 0.94, పలక సాంద్రత 1.19. లెక్క వేస్తే ఘనపరిమాణంలో నూటికి 21 వంతులు తగ్గిపోతున్నట్లు తేలుతుంది. చుట్టూ ఉన్న పట్టీ మెత్తనిది కావడంవల్ల ద్రవం కుదించుకొన్న కొద్దీ గాజు పలకలు దగ్గరకు జరుగుతాయి. పట్టీ గట్టిదైతే పలక మీద గుంటలు పడతాయి.

రెండవది ఉష్ణం. ఒక కిలోగ్రాము మోనోమర్ పాలిమర్‌గా మారేటప్పుడు సుమారు 138 కిలో కాలరీల వేడి పుడుతుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న దాదాపు రెండు లీటర్ల నీటిని మరిగించడానికి ఇది చాలు. పైగా ద్రవం చిక్కబడ్డ కొద్దీ గొలుసుల చివరలు ఒకదానికొకటి ఎదురుపడి ఆగిపోవడం కష్టమవుతుంది. చిన్నవైన మోనోమర్లు మాత్రం యథాప్రకారం కదులుతూనే ఉంటాయి. ఫలితంగా చర్య నెమ్మదించడానికి బదులు ఒక్కసారిగా వేగం పుంజుకొంటుంది. మోనోమర్ 101 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక, వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే లోపల బుడగలు పడతాయి. అందుకే పలకలను నీటి తొట్టెలలో గాని, గాలి వీచే గదులలో గాని గంటల తరబడి నెమ్మదిగా పండించి, చివర 100 డిగ్రీలకు పైన కొంతసేపు ఉంచుతారు. అప్పుడే మిగిలిపోయిన మోనోమర్ పూర్తిగా కలిసిపోతుంది. లోపలి ఒత్తిళ్లు కూడా సడలుతాయి.

ఈ విధంగా పోసిన పలకలలో గొలుసులు చాలా పొడవుగా ఉంటాయి. కరిగించి యంత్రంతో నొక్కి తీసిన పలకలలో గొలుసులు అంతకంటె పొట్టివి. కొన్ని గొలుసులు తెగినా పొడవైనవి మిగులుతాయి గనుక పోత పలక ఆరుబయట ఎక్కువ కాలం నిలుస్తుంది. పేరు పలకల వ్యాపారులు పోత పలకకు ఎక్కువ వెల చెప్పడం ఊరకే కాదు.

రక్షక భటులు

ఎంత శుద్ధిచేసినా ప్రారంభకపు అవశేషాలు, రంగులు, ధూళి మొదలైనవి కొద్దిగా మిగులుతాయి. అవి అతినీలలోహిత కిరణాలను పీల్చి గొలుసుకు చేటు తెస్తాయి. దీనికి విరుగుడుగా పోతలోనే కొన్ని మందులు కలుపుతారు. వీటిలో రెండు తెగలు ముఖ్యమైనవి.

మొదటి తెగ కాంతిని మ్రింగేది. బెంజోట్రయజోల్ జాతి అణువులలో ఒక హైడ్రోజన్ పరమాణువు, కాంతి తగిలిన వెంటనే, ఆక్సిజన్ మీదినుండి నైట్రోజన్ మీదికి గంతువేస్తుంది. మరుక్షణంలో తిరిగి తన చోటికి వస్తుంది. ఈ రాకపోకలలో కాంతిశక్తి యావత్తూ మామూలు వేడిగా మారిపోతుంది. అణువుకు మాత్రం ఏ హానీ లేదు. మళ్లీ కాంతి పడితే మళ్లీ అదే పని.

రెండవ తెగ కాంతిని పట్టించుకోదు, ప్రాతిపదికలను పట్టుకొంటుంది. వీటిని అవరుద్ధ ఎమైన్లు అనవచ్చు. నిప్పురవ్వ ఎక్కడ లేచినా అక్కడే ఆర్పివేయడం వీటి పని. ఆర్పిన తరువాత ఇవి తిరిగి పూర్వరూపం పొందుతాయి గనుక కొద్ది పాళ్లు కలిపినా చాలాకాలం పనిచేస్తాయి. ఒకటి గొడుగు వంటిది, రెండవది కావలివాని వంటిది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఫలితం మెరుగు.

వేడి, నీరు, పై గీతలు

ఎండ అంటే వెలుగే కాదు, వేడి కూడా. డిగ్రీ వేడికి అక్రిలిక్ వ్యాకోచించే పరిమాణం గాజుకంటె ఏడెనిమిది రెట్లు ఎక్కువ. ఒక మీటరు పలక 40 డిగ్రీల తేడాకు సుమారు 2.8 మిల్లీమీటర్లు సాగుతుంది. శీతకాలపు రాత్రికీ, వేసవి మధ్యాహ్నపు పలక ఉష్ణోగ్రతకూ మన ప్రాంతాలలో ఇంత తేడా సామాన్యమే. పలకను నాలుగువైపులా గట్టిగా మరలతో బిగిస్తే సాగడానికి చోటులేక వంగుతుంది, మరల వద్ద చీలుతుంది. మరకంటె రంధ్రం పెద్దదిగా ఉండాలనీ, మధ్య రబ్బరు ఉంగరం వేయాలనీ అనుభవజ్ఞులైన పనివారు చెప్పడానికి కారణం ఇదే.

ఈ సూత్రాన్ని భారీ ఎత్తున అమలు జరిపిన కట్టడం జర్మనీలో మ్యూనిక్ నగరపు ఒలింపిక్ క్రీడారంగం. 1972 క్రీడలకై గుంటర్ బేనిష్, ఫ్రై ఆటో మొదలైనవారు రూపొందించిన ఈ కప్పు ఉక్కుతాళ్ల వల మీద నిలుస్తుంది. సుమారు 75,000 చదరపు మీటర్ల ఆ కప్పును 4 మిల్లీమీటర్ల మందం గల అక్రిలిక్ పలకలతో కప్పారు. వల గాలికి ఊగినా, పలక ఎండకు సాగినా నష్టం లేకుండా పలకలను రబ్బరు దిమ్మెల మీద ఆనించి, పలకకూ పలకకూ మధ్య రబ్బరు పట్టీలు అమర్చారు.

నీరు అక్రిలిక్‌ను కరిగించదు గాని, చాలాకాలం నానితే బరువులో నూటికి రెండు వంతుల వరకు అందులోకి ఇంకుతుంది. ఆరితే తిరిగి పోతుంది. ఈ ఉబ్బడం, ఆరడం ఏండ్ల తరబడి జరిగితే పైపొరలో కంటికి ఆనీ ఆనని వెంట్రుక వంటి చీలికలు ఏర్పడతాయి. ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న పలకను స్పిరిట్, పెట్రోలు, ఎసిటోన్ వంటి ద్రవాలతో తుడిస్తే ఈ చీలికలు క్షణాలలో పుడతాయి. అక్రిలిక్ వస్తువులను సబ్బునీటితో, మెత్తని తడిగుడ్డతో మాత్రమే శుభ్రపరచాలి. పొడిగుడ్డతో దుమ్మును రుద్దడం కూడా తగదు. దీని తలం గాజువలె కఠినం కాదు గనుక ఇసుక రేణువులు గీతలు పెడతాయి.

విమానాల కిటికీలకు వాడే పలకలను వేడిచేసి, అన్ని దిశలలోనూ సాగదీసి, ఆ స్థితిలోనే చల్లార్చుతారు. గొలుసులు తలానికి సమాంతరంగా పరుచుకోవడంతో చీలిక లోపలికి చొరబడడం కష్టమవుతుంది.

పెళుసుతనానికి మందు

అక్రిలిక్‌కు పెద్ద లోపం పెళుసుతనం. దీనిని సరిదిద్దడానికి లోపల రబ్బరు కణాలు చల్లడం ఒక ఉపాయం. చీలిక పరుగెత్తుతూ వచ్చి రబ్బరు కణాన్ని తాకినప్పుడు దాని శక్తి అక్కడ చెదరిపోతుంది. కాని ఏ రబ్బరు? బ్యుటడయీన్ రబ్బరు మంచి సాగుడు గలదే గాని, దాని గొలుసులో జంట బంధాలున్నాయి. ఆక్సిజన్ వాటిమీద దండెత్తుతుంది. ఆ రబ్బరు కలిసిన ఏ.బి.ఎస్. ప్లాస్టిక్కు ఎండలో పసుపుబారి పెళుసెక్కడం ఇందువల్లనే. బలం కోసం పెట్టినదే బలహీనత అయిందన్న మాట.

కనుక జంట బంధాలు లేని బ్యుటైల్ అక్రిలేట్ రబ్బరును ఎన్నుకొన్నారు. ఇది అక్రిలిక్ కుటుంబానికే చెందినది. అయితే దీని వక్రీభవన గుణకం సుమారు 1.47. చుట్టూ ఉన్న పదార్థపు గుణకం 1.49. ఇంత చిన్న తేడా ఉన్నా కాంతి కణాల వద్ద చెదిరి, పలక పాలవలె తెల్లబడుతుంది. రబ్బరులో కొద్దిగా స్టైరీన్ కలిపి గుణకాన్ని 1.49కి పెంచితే కణాలు కంటికి కనిపించకుండా మాయమవుతాయి. ప్రతి రబ్బరు కణానికి పైన గట్టి అక్రిలిక్ తొడుగు వేయడంవల్ల అది చుట్టూ ఉన్న పదార్థంతో చక్కగా అతుక్కొంటుంది. బలం, పారదర్శకత, ఎండకు ఓర్పు అనే మూడింటికీ ఒకేసారి సమాధానం చెప్పిన ఉపాయమిది.

సంయుక్త పదార్థాలు

ఒంటరిగా చేయలేని పనిని ఇతర పదార్థాలతో జతకట్టి చేయించడం మరొక మార్గం. గాజుపోగులను రెసిన్‌లో ముంచి గట్టిపరచిన రేకులు కార్ఖానాల కప్పుల మీద వెలుతురు కొరకు వేస్తారు. మామూలు పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన రేకు కొన్నేండ్లలో పసుపుబారుతుంది. పైపొర అరిగి గాజుపోగులు తేలుతాయి. ఆ పోగుల వెంట నీరు లోపలికి ప్రాకుతుంది. రెసిన్‌లోని స్టైరీన్‌లో కొంత భాగం బదులు మిథైల్ మిథాక్రిలేట్ చేర్చితే రేకు ఎండకు మెరుగుగా ఓర్చుకొంటుంది. పైగా రెసిన్ గుణకం గాజుపోగు గుణకానికి దగ్గరై రేకు స్వచ్ఛంగా కనిపిస్తుంది.

గోడల రంగులు కూడా ఒక విధంగా సంయుక్త పదార్థాలే. రంగు పొడి రేణువులను పట్టి ఉంచే బంధకం పాలిమర్. 1953లో అమెరికాలోని రోమ్ అండ్ హాస్ సంస్థ పూర్తిగా అక్రిలిక్‌తో చేసిన నీటి రంగు బంధకాన్ని విడుదల చేసింది. సిమెంటు గోడలో క్షారం ఉంటుంది. నూనె రంగుల బంధకపు గొలుసులో ఎస్టర్ లంకెలు వెన్నెముకలోనే ఉండటంవల్ల క్షారం వాటిని కోసి గొలుసును ముక్కలు చేస్తుంది. అక్రిలిక్‌లో ఎస్టర్లు ప్రక్కన వేలాడే కొమ్మలు మాత్రమే. వెన్నెముక యావత్తూ కార్బన్. కొమ్మ కదిలినా మాను నిలుస్తుంది. నేడు మన ఊళ్లలో వెలుపలి గోడలకు అక్రిలిక్ రంగులు వాడుకలోకి రావడానికి ఇది ముఖ్య కారణం.

పరీక్ష ఎట్లా?

ఇరవై ఏండ్లు నిలుస్తుందని చెప్పడానికి ఇరవై ఏండ్లు వేచి ఉండటం సాధ్యమా? అమెరికాలో తడి ఎండకు ఫ్లోరిడా, పొడి ఎండకు అరిజోనా పరీక్షా స్థలాలుగా ప్రసిద్ధి పొందాయి. అక్కడ నమూనాలను దక్షిణముఖంగా వాల్చి ఏండ్ల తరబడి ఉంచి, రంగు, మెరుపు, బలం కొలుస్తారు. ప్రయోగశాలలలో క్సెనాన్ దీపపు వెలుగును గాజు వడపోతలగుండా పంపి సూర్యకాంతిని పోలేటట్లు చేసి, నడుమ నడుమ నీరు చిలకరిస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. తొందరకొద్దీ ఎండలో లేని పొట్టి కిరణాలు వాడితే, ఆరుబయట ఎన్నడూ జరగని చర్యలు పెట్టెలో జరుగుతాయి. ఆ పరీక్షలో ఓడినది బయట గెలవవచ్చు, గెలిచినది ఓడవచ్చు. అందుచేత పెట్టె చెప్పిన తీర్పును మైదానపు తీర్పుతో సరిచూడక తప్పదు.

మరువరాని శత్రువు

ఎండనూ, వాననూ జయించిన పదార్థానికి నిప్పు మాత్రం శత్రువుగానే మిగిలింది. అక్రిలిక్ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన ఇంధనం. అంటుకొంటే మెత్తబడి, మండే బొట్లుగా రాలుతుంది.

బ్రిటిష్ దీవులలోని మాన్ దీవిలో డగ్లస్ పట్టణాన సమర్‌లాండ్ అనే వినోదశాల 1971లో ప్రారంభమైంది. దాని గోడలలోనూ, కప్పులోనూ ఎక్కువ భాగం పారదర్శకమైన అక్రిలిక్ పలకలే. 1973 ఆగస్టు 2వ తేదీ సాయంకాలం బయట ఒక పాడుబడిన చిన్న గదిలో పుట్టిన నిప్పు భవనపు గోడ పొరలలోకి ప్రాకి, పిమ్మట అక్రిలిక్‌కు అంటుకొన్నది. కొన్ని తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. హెచ్చరిక ఆలస్యమైంది. 50 మంది ప్రాణాలు కోల్పోయారు. విచారణ సంఘం అనేక లోపాలను ఎత్తిచూపింది. పలక తన పని తాను చేయగలిగినా, ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో నిర్ణయించవలసిన మనిషి పొరబడితే ఏమవుతుందో ఆ సాయంకాలం లోకానికి చూపింది. వానకు మన్నడం ఒకటే మన్నిక కాదు.

నిప్పుకు ఓర్చే అక్రిలిక్ సంయుక్తం లేకపోలేదు. 1967లో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థలో కోరియన్ అనే పదార్థం రూపొందింది. ఇందులో బరువుకు దాదాపు మూడింట రెండు వంతులు అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి, తక్కినది అక్రిలిక్. ఆ పొడి సుమారు 200 డిగ్రీలు దాటితే విడిపోయి, తన బరువులో మూడవ వంతుకు పైగా నీటి ఆవిరిని వదలుతుంది. వేడి తగ్గుతుంది, మంట పలచబడుతుంది. అయితే పారదర్శకత పోయి రాతివలె కనబడుతుంది. ఇది కిటికీకి పనికిరాదు గాని వంటగది అరుగులకు చక్కగా పనికివస్తుంది. ప్రతి గుణానికి మరొక గుణంతో వెల చెల్లించవలసిందే.

మన్నిక తీరిన తరువాత

చివరకు ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంతకాలం చెడకుండా ఉండే వస్తువు, పని తీరిన తరువాత ఏమి కావాలి? చెడకపోవడమే అప్పుడు దోషంగా మారుతుంది.

ఈ విషయంలో కూడా అక్రిలిక్‌కు ఒక విశేషమున్నది. 300 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తగలకుండా కాచితే, దీని గొలుసు చివరినుండి జపమాల పూసలవలె వరుసగా ఊడి తిరిగి మోనోమర్‌గా మారుతుంది. శుద్ధమైన తునకలనుండి బరువులో నూటికి 90 వంతులకు పైగా రాబట్టవచ్చు. కరిగిన సీసపు తొట్టెలలో ఈ పని చాలాకాలంగా జరుగుతున్నది. కాని సీసపు ఆవిరి, మడ్డి కార్మికుల ఆరోగ్యానికీ, నేలకూ హానికరం. అందుకని సీసం లేని యంత్రాలు రూపొందుతున్నాయి.

ఈ గుణాన్ని గాలిమరల రెక్కలకు వినియోగించే ప్రయత్నం నేడు సాగుతున్నది. రాయలసీమ కొండల మీద తిరిగే గాలిమరలను చూసినవారికి ఆ రెక్కల పరిమాణం తెలుసు. గాజుపోగు, ఇపాక్సీ రెసిన్‌లతో చేసే ఈ రెక్కలు ఇరవై, పాతికేండ్లు గాలికి, ఎండకు నిలుస్తాయి. తరువాత వాటిని కరిగించడం వీలుకాదు. ఇపాక్సీ గొలుసులు అడ్డంగా కూడా ముడిపడి ఉంటాయి గనుక, అనేక చోట్ల ఆ రెక్కలను కోసి పూడ్చిపెట్టవలసి వస్తున్నది. దీనికి బదులుగా ద్రవరూపంలోని అక్రిలిక్ రెసిన్‌ను గాజుపోగుల మధ్యకు ఎక్కించి, అక్కడే పాలిమర్‌గా మార్చే పద్ధతి వచ్చింది. ఈ రెసిన్‌తో 62 మీటర్ల నిడివి గల నమూనా రెక్కను స్పెయిన్ దేశంలో పాన్‌ఫెరాడా వద్ద తయారుచేసినట్లు 2022 మార్చిలో ప్రకటించారు. ఇట్టి రెక్క కాలం తీరిన తరువాత రెసిన్‌ను మోనోమర్‌గానూ, పోగులను పోగులుగానూ వేరుచేయడం సాధ్యమవుతుంది.

ఒక పదార్థం ఎంతకాలం నిలుస్తుందన్నది దాని అణువుల అమరికలోనూ, పోతపోసిన చేతి నేర్పులోనూ, బిగించిన పనివాని వివేకంలోనూ కలిసి ఉన్నది. కావలసినంతకాలం నిలిచి, అక్కరతీరిన నాడు తిరిగి మొదటి రూపానికి రాగల పదార్థమే ఇకముందు రసాయనజ్ఞులకు గురి. అక్రిలిక్ ఆ గురికి చాలావరకు దగ్గరగా వచ్చింది. అగ్నిభయాన్ని, గీతలను, వెలను ఇంకా జయించవలసి ఉన్నది. ఇంటికి ఒక రేకు గాని, పేరు పలక గాని కొనేటప్పుడు పలక పోతదా, యంత్రం తీసినదా, అతినీలలోహిత రక్షణ ఉన్నదా, బిగించే రంధ్రాలకు వ్యాకోచానికి తగిన చోటు ఉన్నదా, నిప్పుకు దూరమా అని విచారించడం గృహస్థులకు మేలు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుసుకొన్నవారికి ఎండలో విరిగిన బకెట్టు నష్టం మరల కలుగదు.